ఎత్తు వేరు, మెట్లు వేరు: పిట్స్‌బర్గ్, షార్లెట్ నగరాల పోలిక

 

మన ట్రస్టు స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలు జరిగే రోజున దరఖాస్తులు సరిచూసే బల్ల దగ్గర నేను కూర్చుంటాను. ముప్పై ఎనిమిదేళ్ళు బ్యాంకులో క్లర్కుగా పనిచేసినవాడిని. మార్కుల జాబితా, ఆదాయ ధ్రువపత్రం, ఫీజు రసీదు, ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా లేదా చూడడం నా పని. పోయిన ఏడాది ఒక తండ్రి తన సెల్‌ఫోన్ తీసి నా ముందు పెట్టారు. సాంచాల మీద పనిచేసే మనిషి. తెర మీద ఒక అమెరికా నగరం ఫోటో ఉంది. సాయంకాలపు వెలుతురులో ఆకాశాన్నంటే భవనాలు.

"సార్, మావానికి ఈ ఊరి కాలేజీల సీటొచ్చింది. అప్పు చేసైనా పంపుదామనుకుంటున్న. ఇంతెత్తు బిల్డింగులున్న ఊర్ల ఉద్యోగానికి ఏం తక్కువుంటది?" అని అడిగారు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వెనకాల ఇంకా ఇరవై మంది నిలబడి ఉన్నారు. కాగితాలు సరిచూసి పంపించాను గాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఆయనకు ఆనాడు చెప్పవలసిన జవాబు ఈ వ్యాసం. ఆ ఫోటోలోని ఊరు నేను చూడలేదు. నేను చూసిన రెండు ఊళ్ళను తీసుకుని, భవనాల వరుసను ఎలా చదవాలో, అది ఏమి చెబుతుందో, ఏమి చెప్పదో వివరించే ప్రయత్నం చేస్తాను.

స్కైలైన్ అంటే ఏమిటి?

దూరం నుండి చూసినప్పుడు ఒక ఊరి భవనాల పైకొనలన్నీ కలిసి ఆకాశం మీద ఒక గీత గీసినట్టు కనబడతాయి. దానినే స్కైలైన్ అంటారు. మనం ఆకాశరేఖ అనుకోవచ్చు. అమెరికాలో నగరం నడిబొడ్డును డౌన్‌టౌన్ అంటారు. ఎత్తైన కట్టడాలన్నీ సాధారణంగా అక్కడే గుమిగూడి ఉంటాయి.

నేను పుట్టి పెరిగిన సోలాపూర్‌కు కూడా ఒక ఆకాశరేఖ ఉండేది. అది మిల్లు చిమ్నీ. మా బాపు ఆ మిల్లులో నూలు ఖాతాలో పనిచేసేవాడు. తెల్లవారుజామున భోంగా మోగగానే (మేము మిల్లు సైరన్‌ను అలాగే అనేవాళ్ళం) చద్ది మూట పట్టుకుని బయలుదేరేవాడు. "ఆ చిమ్నీ నిలబడ్డంత కాలం మనింట్ల పొయ్యి వెలుగుతది" అని మాతో అనేవాడు. ఈ మాట గుర్తుంచుకోండి. చివర మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

మా అమ్మాయి పిట్స్‌బర్గ్‌లో ఎం.ఎస్. చదివింది. ఇప్పుడు షార్లెట్‌లో ఉద్యోగం చేస్తోంది. 2018లో సెలవు పెట్టుకుని ఆమె స్నాతకోత్సవానికి నేనూ మా ఆవిడా పిట్స్‌బర్గ్ వెళ్ళాము. రిటైరయ్యాక 2023లో షార్లెట్ వెళ్ళాము. రెండూ న్యూయార్క్, షికాగోల వంటి మహానగరాలు కావు, మధ్యరకం నగరాలు. ఇంటికి వచ్చాక ఆ రెండు ఊళ్ళ చరిత్ర తీరికగా చదివాను.

పిట్స్‌బర్గ్: సరుకే భవనమైన ఊరు

విమానాశ్రయం నుండి పిట్స్‌బర్గ్ వచ్చే దారిలో ఒక కొండ అడ్డం వస్తుంది. దాన్ని తొలిచి ఫోర్ట్ పిట్ సొరంగం వేశారు. దాదాపు మూడున్నర వేల అడుగుల పొడవు. అందులో ఉన్నంతసేపూ ఊరి జాడే తెలియదు. బయటికి వచ్చీ రాగానే కారు వంతెన మీద ఉంటుంది, ఎదురుగా నగరమంతా ఒక్కసారిగా నిలబడి ఉంటుంది. అలెగెనీ, మొనాంగహేలా అనే రెండు నదులు అక్కడ కలిసి ఒహాయో నది అవుతాయి. రెండు నదుల మధ్యనున్న కోసుగా ఉండే నేల మీద డౌన్‌టౌన్ ఉంది. స్థలం తక్కువ కనుక భవనాలు ఒకదానినొకటి రాసుకుంటున్నట్టు ఉంటాయి.

మరునాడు మా అమ్మాయి మమ్మల్ని డ్యుకేన్ ఇంక్లైన్ ఎక్కించింది. 1877లో మొదలైన రైలు పెట్టె వంటి బండి, కొండవాలు మీద తాళ్ళతో పైకి లాగుతారు. పైనుంచి చూస్తే ఊరి ఆకాశరేఖ పుస్తకం విప్పినట్టు ఉంటుంది. నేను దానిని కట్టిన సంవత్సరాల ప్రకారం చదవడం మొదలుపెట్టాను.

1932లో పూర్తయిన గల్ఫ్ టవర్ 44 అంతస్తులు, 582 అడుగులు. గల్ఫ్ ఆయిల్ కంపెనీది. 1970 వరకు ఊళ్ళో అదే ఎత్తు. 1953లో అల్యూమినియం కంపెనీ ఆల్కోవా తన 30 అంతస్తుల భవనానికి బయటంతా అల్యూమినియం రేకులే తొడిగింది. 1970లో యు.ఎస్. స్టీల్ టవర్ వచ్చింది. 64 అంతస్తులు, 841 అడుగులు. ఈనాటికీ ఊళ్ళో ఎత్తైనది అదే. దాని ఉక్కు స్తంభాలు గోడ లోపల దాగి ఉండవు, బయటే కనబడతాయి. ఆ ఉక్కుకు పైన పట్టే తుప్పు పొరే లోపలి ఉక్కును కాపాడుతుంది, రంగు వేయనక్కరలేదు. అగ్నిప్రమాదం జరిగితే స్తంభాలు మెత్తబడకుండా వాటి లోపల నీటి ద్రవం నింపారు. 1984లో గాజు కంపెనీ పి.పి.జి. తన 40 అంతస్తుల భవనాన్ని అద్దాల కోటలాగా కట్టించింది. 19,750 అద్దాలు వాడారట.

అంటే ఉక్కు కంపెనీ ఉక్కుతో, అల్యూమినియం కంపెనీ అల్యూమినియంతో, గాజు కంపెనీ గాజుతో కట్టుకున్నాయి. మన చాదర్ల వ్యాపారి దుకాణం ముందు మంచి చాదర్ వేలాడదీసినట్టు, ఆ కంపెనీలు తమ సరుకును ఆకాశంలో వేలాడదీశాయి.

ఇక్కడ తేదీలను గమనించండి. పిట్స్‌బర్గ్‌లో 54 అంతస్తుల మెలన్ టవర్ 1983లో, గాజు కోట 1984లో, ఫిఫ్త్ అవెన్యూ ప్లేస్ 1988లో లేచాయి. సరిగ్గా అవే సంవత్సరాల్లో నది ఒడ్డున ఉక్కు మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పేరుమోసిన హోమ్‌స్టెడ్ మిల్లు 1986లో ఆగిపోయింది. విదేశీ ఉక్కు పోటీ, పాతబడిన యంత్రాలు, తగ్గిన గిరాకీ, అన్నీ కలిశాయి. ఒకవైపు వేలాది కార్మికులు ఇంటికి పోతున్నారు, మరోవైపు ఫోటోలో ఊరు మునుపెన్నడూ లేనంత ఎత్తుగా, అందంగా కనబడుతోంది. ఎందుకంటే టవర్లు హెడ్డాఫీసులవి, పొగ గొట్టాలు కార్మికులవి. రెండింటి జాతకం ఒకటి కాదు.

1950లో పిట్స్‌బర్గ్ నగర జనాభా 6,76,806. 2020లో 3,02,971. సగానికి పైగా తగ్గింది. 2008 నుండి ఆ ఉక్కు టవర్ శిఖరం మీద వెలిగే అక్షరాలు యు.పి.ఎం.సి. అనేవి. అది ఆసుపత్రుల సంస్థ, ఆ టవర్లో అద్దెకు ఉన్న పెద్ద కిరాయిదారు. గల్ఫ్ కంపెనీ 1980లలోనే షెవ్రాన్‌లో కలిసిపోయింది. ఆల్కోవా పాత భవనంలో ఇప్పుడు జనం కాపురాలున్నారు. యు.ఎస్. స్టీల్‌ను 2025 జూన్‌లో జపాన్‌కు చెందిన నిప్పన్ స్టీల్ కొనేసింది. భవనాలు అవే, బోర్డులు మారాయి.

షార్లెట్: పాస్‌బుక్కు వంటి ఊరు

షార్లెట్ నార్త్ కరోలినా రాష్ట్రంలో ఉంది. అక్కడ పెద్ద నది లేదు, కొండ లేదు. ట్రేడ్ స్ట్రీట్, ట్రయాన్ స్ట్రీట్ అనే రెండు వీధులు కలిసే కూడలి ఊరికి నడిబొడ్డు. అక్కడి నేల చుట్టుపక్కల కంటే కొంచెం ఎత్తు కనుక దాన్ని డౌన్‌టౌన్ అనరు, అప్‌టౌన్ అంటారు. టవర్లు ముఖ్యంగా ట్రయాన్ వీధి వెంబడి బారుగా నిలబడి ఉంటాయి.

ఈ ఊరి కథ బంగారంతో మొదలవుతుంది. 1799లో దగ్గరలోని ఒక పొలంలో కాన్రాడ్ రీడ్ అనే పన్నెండేళ్ళ కుర్రవాడికి వాగులో మెరిసే రాయి దొరికింది. పదిహేడు పౌన్ల బరువు. అదేమిటో ఇంట్లోవాళ్ళకు తెలియక మూడేళ్ళు తలుపుకు అడ్డుగా వాడుకున్నారు. 1802లో ఒక నగల వ్యాపారికి మూడున్నర డాలర్లకు అమ్మారు. దాని అసలు విలువ వేల డాలర్లలో ఉండేది. అమెరికాలో బంగారం దొరికినట్టు నమోదైన మొదటి సంఘటన అదే. గనులు వచ్చాయి, 1837లో షార్లెట్‌లో ప్రభుత్వ టంకశాల తెరిచారు. 1861లో అంతర్యుద్ధంతో అది మూతపడింది. తరువాత పత్తి, నూలు మిల్లులు వచ్చాయి. అందుకే ఆ కూడలిలో బంగారు గని పనివాడికి, రైలు పనివాడికి, బట్టల మిల్లు పనిమనిషికి విగ్రహాలు పెట్టారు. నాలుగో విగ్రహం చంటిబిడ్డనెత్తిన తల్లిది. భవిష్యత్తుకు గుర్తు. మిల్లు పనిమనిషి విగ్రహం ముందు మా ఆవిడ చాలాసేపు నిలబడింది. వాళ్ళ అమ్మా మిల్లులో పనిచేసినదే.

మరి బ్యాంకులు అక్కడికి ఎందుకు వచ్చాయి? ఇది నా వృత్తికి సంబంధించిన విషయం కనుక కొంచెం వివరంగా చెబుతాను. మన దేశంలో ఒక బ్యాంకుకు ఎక్కడైనా శాఖలు ఉండవచ్చు. అమెరికాలో చాలాకాలం అలా కుదరలేదు. బ్యాంకు తన రాష్ట్రం దాటడానికి వీల్లేదు. ఇలినాయ్, టెక్సస్ వంటి రాష్ట్రాల్లోనైతే ఒక బ్యాంకుకు ఒకే ఆఫీసు. నార్త్ కరోలినాలో మాత్రం రాష్ట్రమంతటా శాఖలు పెట్టుకోనిచ్చారు. అందువల్ల దూరంగా ఉన్న శాఖల్ని నడిపే విద్య ఆ రాష్ట్రపు బ్యాంకులకు ముందే అలవడింది. 1985లో అమెరికా సుప్రీంకోర్టు, కొన్ని రాష్ట్రాలు కలిసి ఒప్పందం చేసుకుని పరస్పరం బ్యాంకుల్ని రానివ్వడం చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. 1994లో కేంద్ర చట్టమే వచ్చింది. అప్పటికి షార్లెట్ బ్యాంకులు సిద్ధంగా ఉన్నాయి. 1960లో ఏర్పడిన నార్త్ కరోలినా నేషనల్ బ్యాంక్, హ్యూ మెకాల్ నాయకత్వంలో బ్యాంకు తరువాత బ్యాంకును కొనుక్కుంటూ పోయి, 1991లో నేషన్స్‌బ్యాంక్ అయింది. 1998లో శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన పెద్ద బ్యాంకును కలుపుకుని బ్యాంక్ ఆఫ్ అమెరికా అయింది. పేరు అవతలివాళ్ళది, హెడ్డాఫీసు షార్లెట్‌ది!

దాని టవర్ 1992లో పూర్తయింది. 60 అంతస్తులు, 871 అడుగులు. పిట్స్‌బర్గ్ ఉక్కు టవర్ కంటే ముప్పై అడుగులు ఎక్కువ. శిఖరం కిరీటంలా ఉంటుంది. ఊరివాళ్ళు వేళాకోళంగా దానిని 'తాజ్ మెకాల్' అంటారు. మన తాజ్‌మహల్ పేరు అంత దూరం పోయింది.

దానికి దిగువన ట్రయాన్ వీధిలో 48 అంతస్తుల మరో టవర్ ఉంది, 786 అడుగులు. దాని కథ వినండి. అది వాకోవియా అనే బ్యాంకు హెడ్డాఫీసు కోసం మొదలుపెట్టిన కట్టడం. కట్టడం పూర్తి కాకముందే 2008 ఆర్థిక సంక్షోభం వచ్చింది. వాకోవియాను వెల్స్ ఫార్గో కొనేసింది. 2010లో భవనం తెరిచేనాటికి డ్యూక్ ఎనర్జీ అనే కరెంటు కంపెనీ పేరు పడింది. ఆ కంపెనీ కూడా 2023 ప్రాంతంలో తన సొంత కొత్త టవర్‌కు మారిపోయింది. ఇప్పుడు ఆ భవనానికి వీధి నంబరే పేరు, 550 సౌత్ ట్రయాన్. ఇంటి గృహప్రవేశానికి ముందే యజమాని మారిన కథ ఇది. నేను పనిచేసిన బ్యాంకు కూడా ఇవాళ ఆ పేరుతో లేదు, మరొకదానిలో విలీనమైంది. అందుకే ఆ భవనం దగ్గర నాకు కొంచెం మనసు బరువెక్కింది.

ఎడమ పేజీ, కుడి పేజీ

ఇప్పుడు రెండు ఊళ్ళనూ లెడ్జరులో ఎదురెదురుగా రాసుకుందాం.

ఆకారం: పిట్స్‌బర్గ్‌ది నదుల మధ్య ముద్దగా ఉన్న గుంపు. షార్లెట్‌ది ఒక వీధి వెంబడి బారు.

వయసు: పిట్స్‌బర్గ్‌లో 1930ల నుండి ప్రతి తరం భవనమూ కనబడుతుంది. షార్లెట్ ఎత్తైన భవనాలు దాదాపు అన్నీ 1980ల చివరినుండి వచ్చినవే. 1909 నాటి 12 అంతస్తుల ఇండిపెండెన్స్ బిల్డింగ్, ఆ రాష్ట్రపు మొదటి ఉక్కు చట్రపు ఎత్తైన భవనం, 1981లో కూల్చేశారు.

ఆధారం: ఒకచోట ఉక్కు, గాజు, అల్యూమినియం, తరువాత ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు. మరొకచోట బ్యాంకులు, కరెంటు.

జనాభా: పిట్స్‌బర్గ్ తగ్గింది, చూశారు కదా. షార్లెట్ 1950లో 1,34,042, 2020లో 8,74,579.

ఇక్కడ ఆగి ఒక మాట. ఈ చివరి పద్దును ఉన్నదున్నట్టు నమ్మితే పొరపాటు పడతారు. పిట్స్‌బర్గ్ నగర హద్దు సుమారు 55 చదరపు మైళ్ళు. షార్లెట్ చుట్టుపక్కల ప్రాంతాలను కలుపుకుంటూ పోయి 300 చదరపు మైళ్ళు దాటింది. ఇది ఒక గదిలోని మనుషుల్ని, ఒక వాడలోని మనుషుల్ని లెక్కపెట్టి పోల్చినట్టు. శివార్లతో సహా చూస్తే 2020లో పిట్స్‌బర్గ్ ప్రాంతం దాదాపు 24 లక్షలు, షార్లెట్ ప్రాంతం దాదాపు 27 లక్షలు. తేడా అంతే! స్టాటిస్టిక్స్ చదివే కామర్స్ విద్యార్థులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. రెండు అంకెలను పోల్చేముందు రెండింటి పునాది ఒకటేనా అని అడగాలి.

ఫోటోలో కనబడని పద్దు

ఇంతవరకు చదివినవారు షార్లెట్ గెలిచిందని అనుకుంటారు. పెరిగే ఊరు, కొత్త టవర్లు, బ్యాంకు ఉద్యోగాలు. నేనూ అలాగే అనుకున్నాను. తరువాత మా అమ్మాయి నాకు ఒక పరిశోధన గురించి చెప్పింది.

ఢిల్లీలో పుట్టి అమెరికాలో పెరిగిన ఆర్థికశాస్త్రవేత్త రాజ్ చెట్టి, మరికొందరు కలిసి 2014లో ఒక పెద్ద అధ్యయనం వెలువరించారు. 1980ల మొదట్లో పుట్టిన పిల్లలను తీసుకున్నారు. వారి తల్లిదండ్రుల ఆదాయం దేశంలో అట్టడుగు ఐదో వంతులో ఉండి, వాళ్ళు ముప్పై ఏళ్ళ వయసుకు పై ఐదో వంతుకు చేరారా అని పన్ను లెక్కల నుండి చూశారు. పిల్లవాడు తరువాత ఎక్కడ స్థిరపడినా సరే, ఏ ఊళ్ళో పెరిగాడో ఆ ఊరి లెక్కలో వేశారు.

అలా అట్టడుగు నుండి పైకి చేరినవారు పిట్స్‌బర్గ్ ప్రాంతంలో నూటికి 9.5. షార్లెట్ ప్రాంతంలో నూటికి 4.4. అమెరికాలోని 50 పెద్ద ప్రాంతాలను పేదపిల్లల ఎదుగుదలను బట్టి వరుసలో పెడితే పిట్స్‌బర్గ్ రెండో స్థానంలో ఉంది. షార్లెట్ యాభయ్యో స్థానంలో, అంటే ఆఖరున ఉంది.

ఆ అంకెలను రెండుసార్లు చదివాను. ఆ పిల్లలు పుట్టిన కాలం చూడండి. పిట్స్‌బర్గ్‌లో మిల్లులు మూతపడుతున్న రోజులు అవి. షార్లెట్‌లో టవర్లు లేస్తున్న రోజులు కూడా దాదాపు అవే. కూలిన ఊరి పేదపిల్లవాడు ఎదిగే అవకాశం, లేచిన ఊరి పేదపిల్లవాడి కంటే రెట్టింపుకు పైగా ఉంది.

ఎందుకు? ఐదు విషయాలు ఎదుగుదలతో పాటు కలిసి కనబడుతున్నాయని ఆ పరిశోధకులు రాశారు. పేదలు, ధనికులు, వేర్వేరు జాతులవారు ఊళ్ళో విడివిడిగా కాక దగ్గరగా నివసించడం, ఆదాయాల మధ్య అంతరం తక్కువగా ఉండడం, బడులు బాగుండడం, ఇరుగుపొరుగు సంఘాలు, ఒకరికొకరు తోడుపడే అలవాటు గట్టిగా ఉండడం, కుటుంబాలు నిలకడగా ఉండడం. ఇవి కారణాలేనని వారు రూఢిగా అనలేదు, కలిసి కనబడుతున్నాయని మాత్రమే అన్నారు. ఆ జాగ్రత్తను మనమూ పాటించాలి. కాని ఈ ఐదింటిలో ఒక్కటి కూడా ఆకాశరేఖ ఫోటోలో కనబడదని గమనించండి.

న్యాయంగా రెండు మాటలు చెప్పాలి. పిట్స్‌బర్గ్ పిల్లల్లో చాలామంది ఊరు విడిచి వెళ్ళారు. వాళ్ళు ఎదిగింది వేరే చోట కావచ్చు. నలభై ఐదేళ్ళ వయసులో ఉద్యోగం పోయిన ఉక్కు కార్మికుడు మరునాడే ఆసుపత్రి ఉద్యోగి కాలేదు. ఊరు కోలుకోవడానికి ఒక తరం పట్టింది, ఆ తరం బాధ పడింది. రెండోది, షార్లెట్‌వాళ్ళు ఆ ఆఖరు స్థానం చూసి ఊరుకోలేదు. ఊరి పెద్దలు కమిటీ వేసుకుని 2017లో నివేదిక రాయించారు, చిన్నపిల్లల చదువు మీద, ఇళ్ళ మీద దృష్టి పెట్టారు. పరిశోధకులు 2024లో తాజాగా వేసిన లెక్కల్లో షార్లెట్ ఆఖరు స్థానం నుండి కొంత పైకి వచ్చింది. తప్పు లెక్క బయటపడ్డప్పుడు చింపేయకుండా సరిదిద్దుకోవడం మంచి పద్దతి.

పిట్స్‌బర్గ్‌లో మేము చూసిన మరో కట్టడం గురించి కూడా చెప్పాలి. అది డౌన్‌టౌన్ ఆకాశరేఖలో లేదు. శివారులోని పెన్ హిల్స్ గుట్ట మీద తెల్లని గోపురంతో శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయం ఉంది. 1970లలో, తిరుమల తిరుపతి దేవస్థానం తోడ్పాటుతో, అప్పటికి అక్కడున్న మనవాళ్ళు కొద్దిమంది కూడి కట్టుకున్నారు. అమెరికాలోని మొదటి హిందూ దేవాలయాల్లో అదొకటి. మా అమ్మాయి చదువుకునే రోజుల్లో ఆదివారాలు అక్కడికి పోయేదట. ఆమెకు మొదటి ఉద్యోగం సంగతి చెప్పింది ప్రసాదం వరుసలో పరిచయమైన ఒక పెద్దావిడ. మంది కలిసే చోటు మనిషికి ఎంత పనికొస్తుందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

తల్లిదండ్రులకు మనవి

ఊరినిగాని కాలేజీనిగాని కోర్సునుగాని ఎంచుకునేటప్పుడు ఎత్తు చూసి కాదు, మెట్లు చూసి నిర్ణయించండి. నా అనుభవంతో ఈ ఐదు ప్రశ్నలు రాస్తున్నాను. కాగితం మీద రాసుకుని జవాబులు నింపండి.

1. మొత్తం ఖర్చు ఎంత, అందులో అప్పు ఎంత? చదువైన మరుసటి నెల నుండి వాయిదా ఎంత కట్టాలి? బ్యాంకు మేనేజరు చెప్పే వరకు ఆగకండి, మీరే లెక్క వేయండి.

2. ఆ ఊళ్ళో పని ఇచ్చేవి ఎన్ని రకాల సంస్థలు? ఒకే రకమైతే, అది తగ్గిన రోజు మీ పిల్లవాడు ఏం చేస్తాడు?

3. ఆ కాలేజీలో చేరిన మనలాంటి ఇళ్ళ పిల్లల్లో చదువు పూర్తిచేసినవారు ఎంతమంది? చేరినవారి సంఖ్య కాదు, పూర్తిచేసినవారి సంఖ్య అడగండి.

4. అక్కడ మీ పిల్లవాడికి కష్టమొస్తే తలుపు తట్టడానికి ఎవరున్నారు? సీనియరు, ఉపాధ్యాయుడు, మన సంఘం, ఎవరైనా సరే.

5. బోర్డు మీది పేరు మారినా అక్కరకొచ్చే పని ఏది నేర్చుకుంటున్నాడు?

విద్యార్థులకు అభ్యాసం

మీ ఊళ్ళో ఎత్తైన చోటుకు వెళ్ళి నాలుగు వైపులా చూడండి. బళ్ళారి అయితే కొండ, యానాం అయితే గోదావరి గట్టు, బరంపురం, హోసూరు, సోలాపూర్ అయితే ఏదైనా మేడ. కనబడే ఐదు ఎత్తైన కట్టడాల పేర్లు రాయండి. ఒక్కోదాని ఎదురుగా ఎప్పుడు కట్టారు, ఎవరు కట్టారు, ఇప్పుడు ఎవరున్నారు అనే మూడు గడులు నింపండి. తరువాత కనబడనివి ఐదు రాయండి. మీకు సాయంత్రం పాఠం చెప్పినవారు, పుస్తకం ఇచ్చిన గ్రంథాలయం, ఫీజుకు సాయపడ్డవారు. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి ఏది మిమ్మల్ని ఎంత పైకి తెచ్చిందో ఆలోచించండి.

నా జాబితా చెప్పి ముగిస్తాను. నేను బి.కాం. రెండో సంవత్సరంలో ఉండగా బాపు పనిచేసే మిల్లు మూతపడింది. రావలసిన బాకీలు చాలా ఏళ్ళకు, కొంత భాగమే వచ్చాయి. చిమ్నీ మాత్రం అలాగే నిలబడి ఉంది. మా ఇంట్లో పొయ్యి వెలగని రోజులు కొన్ని వచ్చాయి. బాపు ఆ చిమ్నీ వైపు చూడడం మానేశాడు. ఆ ఏడు నా కాలేజీ ఫీజు మా వాడలోని ఒక చిన్న సంఘంవాళ్ళు చందా పోగుచేసి కట్టారు. అరవై రెండు రూపాయలు. ఆ రసీదు ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది. సాయంత్రాలు లెక్కలు నేర్పినది ఎదురింట్లో ఉండే ఒక గుమాస్తా గారు. ఆయన ఇల్లు ఒంటి అంతస్తు, రేకుల కప్పు.

అందుకే ఆ తండ్రికి ఇవాళ ఇలా చెబుతాను. అయ్యా, ఫోటో బాగుంది. మీ అబ్బాయిని పంపండి, పంపవద్దని నేను అనను. కాని ముందుగా ఆ ఐదు ప్రశ్నల కాగితం నింపుకుని మన ట్రస్టు కార్యాలయానికి రండి. ఆదివారం ఉదయం నేను అక్కడే ఉంటాను. ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం. మీ ఇంట్లో తలుపుకు అడ్డుగా పడి ఉన్నది రాయో బంగారమో చూడకుండా మూడున్నర డాలర్లకు ఇచ్చేయకూడదు కదా!